మైకేల్ బే మీద పెట్టిన తప్పుడు కేసు

‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సినిమా 2007 జులైలో విడుదలైంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా దాని దర్శకుడు మైకేల్ బే మీద ఒకటే అభియోగం: ఆయన ఒక తరం బాల్యాన్ని పాడుచేశాడు. 1984లో అమెరికా టీవీలో వచ్చిన కార్టూన్ కల్మషం లేనిదట. అందులోని, బండ్లుగా మారే మరమనుషులు నీతికీ త్యాగానికీ నిలువెత్తు రూపాలట. హాలీవుడ్ వచ్చి, డబ్బు యావలో వాళ్ళ ఒళ్ళంతా ఇనుప ముక్కలు అతికించి, మొహానికి పెదాలు తగిలించి, లారీకి మంటల బొమ్మలు వేసి భ్రష్టు పట్టించిందట.

ఆ కార్టూన్ చూస్తూ పెరిగి ఇప్పుడు నడివయసుకు వచ్చిన అమెరికన్లు ఈ మాట అంటే పోనీలే అనుకోవచ్చు. విచిత్రం ఏమిటంటే, ఆ కార్టూన్ ఒక్క భాగం కూడా చూడని మన కుర్రాళ్ళూ ఇదే అప్పజెబుతున్నారు. మన దగ్గర చాలామందికి మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ పరిచయమైందే సినిమాలతో. పాడైందంటున్న బాల్యం వాళ్ళది కానే కాదు. అయినా సినిమాను తిట్టాలంటే ముందు ‘ఒరిజినల్’కు ఒక దండం పెట్టుకోవడం ఆచారమైపోయింది.

ఈ అభియోగం తప్పు. బే తరఫున వకాల్తా పుచ్చుకునే ఉద్దేశం నాకు లేదు. ఆ సినిమాలో తప్పులున్నాయి, పెద్దవే ఉన్నాయి. తప్పుడు కేసు పెడితే జరిగేదేమిటో మనకు తెలిసిందే. అది కొట్టేయగానే ముద్దాయి అసలు నేరం నుంచి కూడా బయటపడి దర్జాగా ఇంటికెళతాడు. బే విషయంలో జరుగుతున్నది అదే.

ముందు పూర్వపక్షాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పుకుందాం. కార్టూన్‌లో ఆప్టిమస్ ప్రైమ్ ముక్కు లేని, చదును మొహం లారీ. సినిమాలో పొడుగు ముక్కు పీటర్‌బిల్ట్. బంబుల్‌బీ కార్టూన్‌లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. సినిమాలో షెవర్లే కమారో. విలన్ మెగాట్రాన్ అక్కడ వాల్తర్ పిస్తోలుగా మారేవాడు. ఇక్కడ ఏ లోకానిదో తెలియని జెట్ విమానం. ఆప్టిమస్ నోటికి అక్కడ ఎప్పుడూ కవచం ఉండేది. ఇక్కడ ఆ కవచం తొలగి పెదాలు కదులుతాయి. సినిమా రాకముందే ఈ మార్పుల మీద అభిమానులు గగ్గోలు పెట్టారు. వాళ్ళ వాదనలో మూడు మెట్లున్నాయి. ఒకటి, స్వచ్ఛమైన మూలం ఒకటుంది. రెండు, సినిమా ఆ మూలాన్ని తప్పింది. మూడు, కథగా ఉన్నదాన్ని సినిమా వ్యాపార ప్రకటన స్థాయికి దిగజార్చింది. ఈ మూడింటిలో ఒక్కటీ అభియోగంగా నిలవదు.

మూలం సంగతి చూద్దాం. జపాన్‌లో తకారా అనే బొమ్మల కంపెనీ 1980లో డయాక్లోన్ అనే వరస తెచ్చింది. అందులోని రోబోలకు ప్రాణం లేదు, మనసు లేదు, మంచీ చెడూ అసలే లేవు. అవి వట్టి యంత్రాలు. వాటిని నడపడానికి బొటనవేలంత మనిషి బొమ్మ ఒకటి లోపల కూర్చునేది. అదే కంపెనీకి మైక్రోమాన్ అని ఇంకో వరస ఉంది. పిస్తోలుగా మారే రోబో, క్యాసెట్ రికార్డరుగా మారే రోబో, బుల్లి కార్లుగా మారే రోబోలు అందులోవి. అమెరికా కంపెనీ హాస్‌బ్రో ఈ రెండు వరసల అచ్చుల హక్కులూ తెచ్చుకుని, కలగాపులగం చేసి, ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అని పేరు పెట్టి 1984లో దుకాణాల్లోకి వదిలింది. లోపలి మనిషిని పీకేసి, యంత్రానికి ప్రాణం పోసింది. జపాన్‌లో బ్యాటిల్ కాన్వాయ్ అనే లారీ బొమ్మ అమెరికాలో ఆప్టిమస్ ప్రైమ్ అయింది. పిస్తోలు మెగాట్రాన్ అయింది. మార్పు ద్రోహమే అయితే, మొదటి ద్రోహి హాస్‌బ్రో. డయాక్లోన్‌తో ఆడుకున్న టోక్యో పిల్లవాడి బాల్యానికి పూచీ ఎవరిది?

ఆ బొమ్మల్లో ఐరన్‌హైడ్ అని ఒకటుంది. వ్యానుగా మారుతుంది. పిల్లవాడు ఎంతో ఆశగా దాన్ని రోబోగా విప్పితే తల ఉండదు. తల ఉండాల్సిన చోట ఒక సీటు, దాని మీద మొహం బొమ్మ ఉన్న స్టిక్కరు. జపాన్ బొమ్మలో అది డ్రైవరు కూర్చునే చోటు కదా; డ్రైవరును తీసేశాక సీటు మిగిలింది, దానికో మొహం అంటించారు. కార్టూన్ గీసేవాళ్ళు అతనికి చక్కటి తల పెట్టారు. టీవీలో తల ఉన్నవాణ్ణి చూసి దుకాణానికి వెళ్ళిన పిల్లవాడికి పెట్టెలో తల లేనివాడు దొరికాడు. జెట్‌ఫైర్ అనే విమానం బొమ్మ కథ ఇంకా తమాషా. దాని అచ్చు తకారాది కూడా కాదు, తకతోకు అనే మూడో కంపెనీది. మాక్రాస్ అనే వేరే జపాన్ ధారావాహిక కోసం చేసింది. హక్కుల చిక్కు వల్ల కార్టూన్‌లో అతని రూపం మార్చారు, పేరు కూడా స్కైఫైర్ అని మార్చారు. మూలం మూలం అని గుండెలు బాదుకుంటున్నవాళ్ళు చెప్పాలి: ఏది మూలం? తల ఉన్న ఐరన్‌హైడా, లేని ఐరన్‌హైడా?

మార్పు చేస్తే మూలం చెడుతుందన్న భయం తెలుగు ప్రేక్షకుడికి ఉండాల్సిన భయం కూడా కాదు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. జనం నోళ్ళలో, నాటకాల్లో పెరిగిన కథ అది. 1957లో కె.వి. రెడ్డి దాన్ని ‘మాయాబజార్’గా తీస్తే వ్యాసుడికి అన్యాయం జరిగిందని ఎవరూ ధర్నాకు కూర్చోలేదు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ణి చూసి, ఇక ఘటోత్కచుడంటే ఈయనే అని నిర్ణయించేసుకున్నారు. పాత్ర పండిందా లేదా అన్నది ఒక్కటే వాళ్ళు అడిగిన ప్రశ్న. పురాణం విషయంలో అంత ఉదారంగా ఉన్నవాళ్ళం, బొమ్మ లారీ ముక్కు విషయంలో ఛాందసులం కావడం ఏం న్యాయం?

ఇక ప్రకటన సంగతి. కార్టూన్ కథ, సినిమా మాత్రం ప్రకటన అంటున్నారు. అమెరికా టీవీ చరిత్ర కాస్త తెలిసినవాళ్ళెవరూ ఈ మాట అనలేరు. 1969లో మాటెల్ కంపెనీ వారి హాట్ వీల్స్ బొమ్మ కార్ల పేరుతో ఏబీసీ చానెల్‌లో ఒక కార్టూన్ వచ్చింది. పోటీ బొమ్మల కంపెనీ ఒకటి ఫిర్యాదు చేసింది, ఇది కార్యక్రమం పేరుతో నడుస్తున్న అరగంట ప్రకటన అని. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ ఫిర్యాదులో పస ఉందని తేల్చి, అందులో కొంత సమయాన్ని ప్రకటనల ఖాతాలో రాయాలంది. 1974లో పిల్లల కార్యక్రమాలకూ ప్రకటనలకూ మధ్య స్పష్టంగా గీత ఉండాలని ఒక విధానం ప్రకటించింది. 1981లో రీగన్ ప్రభుత్వం ఆ సంస్థకు అధిపతిగా వేసిన మార్క్ ఫౌలర్ హయాంలో ఆ గీత చెరగడం మొదలైంది. 1984 నాటికి టీవీలో ప్రకటనల సమయం మీద ఉన్న పరిమితులు కూడా పోయాయి.

గీత చెరుగుతుండగానే బొమ్మల కంపెనీలు లోపలికి వచ్చేశాయి. హీ-మాన్ బొమ్మలు 1982లో దుకాణానికి, 1983లో టీవీకి వచ్చాయి. 1984 సెప్టెంబరులో ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ మొదలైంది. బొమ్మలు ముందు, వాటిని అమ్మిపెట్టే కథ తర్వాత. ఏ పాత్ర ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో దుకాణంలో ఏ సరుకు వచ్చిందో, ఏది అయిపోయిందో చూసి నిర్ణయించారు. పిల్లల టీవీ కోసం 1968లో సంస్థ పెట్టి పోరాడిన మసాచుసెట్స్ తల్లి పెగ్గీ చారెన్ ఈ బాపతు కార్టూన్లన్నింటినీ నిడుపాటి ప్రకటనలంటూనే వచ్చింది. చివరికి 1990లో అమెరికా చట్టం చేసింది: పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు వారాంతాల్లో గంటకు పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు మించకూడదని. ఆ చట్టం రావడానికి కారణమైన సరుకుల్లో, మనం ఇప్పుడు ‘స్వచ్ఛమైన మూలం’ అంటున్నది కూడా ఒకటి.

బాల్యాన్ని పాడుచేయడమంటే ఏమిటో నిజంగా చూడాలంటే 1986కు వెళ్ళాలి. ఆ ఏడాది ఆగస్టులో అదే కార్టూన్ వెండితెర మీదికి వచ్చింది. మొదటి పావుగంట దాటకుండానే ఐరన్‌హైడ్, రాచెట్, ప్రౌల్, బ్రాన్ ఒక్క దాడిలో చచ్చిపోతారు. కాసేపటికి ఆప్టిమస్ ప్రైమ్ వంతు. అతన్ని పడుకోబెట్టి ఉంచుతారు. చుట్టూ అతని అనుచరులు, పక్కన ఒక మనిషి పిల్లవాడు. అతను తన గుండెలోని మాట్రిక్స్ అనే వెలుగు ముద్దను వారసుడికి అందిస్తాడు. కళ్ళలోని కాంతి ఆరిపోతుంది. ఎర్రటి నీలి ఒళ్ళు బూడిద రంగుకు తిరుగుతుంది. తల పక్కకు వాలిపోతుంది. హాల్లో పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. తల్లిదండ్రులు కంపెనీకి ఉత్తరాలు రాశారు.

ఎందుకు చంపారు? కథ కోరిందనా? 1984 నాటి బొమ్మల్ని దుకాణాల నుంచి తప్పించి 1986 నాటి కొత్త బొమ్మలకు చోటివ్వాలి కనుక. సరుకు జాబితాలో గీత కొట్టిన పేర్లు తెర మీద శవాలయ్యాయి. పిల్లలకు అతను సరుకు కాడని, తండ్రిలాంటివాడని కంపెనీకి ఏడుపులు వినపడ్డాక గానీ తెలియలేదు. అప్పుడు 1987లో కార్టూన్‌లోనే అతన్ని బతికించారు. హాస్‌బ్రోదే అయిన జీఐ జో బొమ్మల సినిమాలో డ్యూక్ అనే నాయకుణ్ణి చంపాలనుకున్నవాళ్ళు ఈ గోలకు జడిసి, అతను స్పృహ తప్పాడంతే అని సర్దేశారు. ఏడేళ్ళ పిల్లవాడి చేతిలో ఉన్న హీరోను సరుకు ఖాళీ చేయడానికి చంపినవాళ్ళది పవిత్రమైన మూలమూ, లారీకి పొడుగు ముక్కు పెట్టినవాడిది బాల్యహత్యా! ఇదెక్కడి ధర్మం?

మిగిలింది రెండో మాట: సినిమా మూలాన్ని తప్పింది. తప్పింది నిజమే. ఎందుకు తప్పిందో చూడాలి. కార్టూన్‌లో మెగాట్రాన్ కొండంత రోబోగా ఉండి, మరుక్షణం తన అనుచరుడు స్టార్‌స్క్రీమ్ చేతిలో ఇమిడే పిస్తోలైపోయేవాడు. అంత బరువు ఎక్కడికి పోయిందని గీసిన బొమ్మను ఎవరూ అడగరు. నిజమైన వీధిలో, నిజమైన కారు పక్కన నిలబెట్టినప్పుడు కన్ను అడుగుతుంది. అందుకే సినిమావాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు, బండి ఎంత ఉంటే రోబో దాదాపు అంతే ఉండాలని. ఆప్టిమస్ ఎత్తుగా ఉండాలంటే లారీ పెద్దది కావాలి. చదును మొహం లారీలో అంత ఇనుము లేదు. పొడుగు ముక్కు అలా వచ్చింది. పిస్తోలు మెగాట్రాన్ అలాగే పోయాడు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ నిపుణులు ఆప్టిమస్‌ను 10,108 భాగాలతో కంప్యూటర్‌లో నిర్మించారు. బానెట్ చీలి ఛాతీ కావడం, చక్రం తిరిగి మడమ చేరడం చూస్తుంటే ఒక్కో ముక్కా ఎటు పోతోందో కంటికి అందుతుంది. పిల్లవాడు నేల మీద కూర్చుని చేతులతో బొమ్మను విప్పినప్పుడు పొందిన ఆనందాన్ని తెర మీద చూపించడానికి ఇంతకంటే నిజాయితీ గల ప్రయత్నం జరగలేదు. కార్టూన్‌లో ఆ మార్పు నాలుగు గీతల్లో, రెండు క్షణాల్లో అయిపోయేది.

బంబుల్‌బీని కమారో చేయడంలో జనరల్ మోటార్స్ వ్యాపారం ఉంది, కాదనను. జాజ్, ఐరన్‌హైడ్, రాచెట్ కూడా ఆ కంపెనీ బండ్లే. అయితే కార్టూన్‌లో జాజ్ పోర్షే, సైడ్‌స్వైప్ లాంబోర్గిని. ఇష్టమైన కంపెనీ పేరుంటే కళ, ఇష్టం లేని కంపెనీ పేరుంటే వ్యాపారం అనడం కుదరదు.

ఇంకో సాక్ష్యం చూడండి. సినిమాలో అందరూ ఒప్పుకునే మంచి రెండు చోట్ల ఉంది. ఒకటి ఆప్టిమస్ గొంతు. 1984లో ఆ గొంతు ఇచ్చిన పీటర్ కలెన్‌నే అభిమానులు కోరారు, బే తెచ్చాడు. రెండోది, ఒక కుర్రాడు తన మొదటి కారు కొనుక్కోవడం, ఆ కారుకు ప్రాణం ఉందని తెలుసుకోవడం. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా స్పీల్‌బర్గ్‌కు నచ్చింది ఆ ఊహే. అది పాత కార్టూన్‌లో లేదు. అంటే మంచి రెండింటిలో ఒకటి మూలానికి కట్టుబడినది, ఒకటి మూలాన్ని వదిలేసినది. మూలవిధేయత అనే కొలబద్ద సినిమాలోని మంచిని కొలవలేదు. చెడును మాత్రం ఎలా కొలుస్తుంది?

2018లో వచ్చిన ‘బంబుల్‌బీ’ని అభిమానులు తమ వాదనకు తురుపుముక్కగా వేస్తారు. ట్రావిస్ నైట్ దర్శకుడు. బీటిల్ కారు తిరిగొచ్చింది, మొదట్లో రోబోల సొంత గ్రహం సైబర్‌ట్రాన్ మీద అవన్నీ పాత కార్టూన్ రూపాల్లోనే కనిపించాయి. చూశారా, మూలానికి తిరిగొచ్చాక మంచి సినిమా వచ్చింది అంటారు. మంచి సినిమాయే. పాత రూపాలు కనిపించేది కొద్ది నిమిషాలు. మిగతా సినిమా అంతా, తండ్రిని పోగొట్టుకుని ఎవరితోనూ మాట కలపలేని చార్లీ అనే అమ్మాయికీ, గొంతు పోగొట్టుకుని మాట్లాడలేని ఒక రోబోకూ మధ్య నడుస్తుంది. కారు రేడియో పాటల ముక్కలే అతని మాటలు. ఆ మౌనమే ఆ సినిమాకు గుండె. మరి కార్టూన్‌లో బంబుల్‌బీ మూగవాడా? గలగలా మాట్లాడేవాడు. అతని గొంతు తీసేసి రేడియోతో మాట్లాడించింది 2007లో, ఈ ముద్దాయే. ‘మూలానికి తిరిగొచ్చిన’ సినిమా గుండెకాయ, మూలాన్ని చెడగొట్టాడన్నవాడి దగ్గర తెచ్చుకున్నది. ఈ ఒక్క సంగతితో కేసు మూసేయవచ్చు.

తప్పుడు కేసు పోయింది. ఇప్పుడు అసలు కేసు పెట్టాలి.

2007 సినిమా చివరి పోరాటంలో మెగాట్రాన్ జాజ్‌ను పట్టుకుని రెండుగా చీల్చేస్తాడు. ఆప్టిమస్ బృందంలో ఉన్నదే అయిదుగురు, వారిలో ఒకడు పోయాడు. పోరు ముగిశాక ఆ రెండు ముక్కలూ నాయకుడి చేతికి వస్తాయి. సహచరుణ్ణి కోల్పోయామని ఆయన పొడిగా ఒక మాట అంటాడు, అక్కడితో సరి. సినిమా మరో పనిలో పడిపోతుంది. సరుకు ఖాళీ చేయడానికి చంపిన 1986 సినిమా కూడా చావుకు చావంత చోటు ఇచ్చింది. రెండు గంటల 24 నిమిషాల నిడివి ఉన్న ఈ సినిమాకు జాజ్ కోసం ఒక నిమిషం దొరకలేదు. ఎందుకంటే జాజ్ ఎవరో అది మనకు చెప్పనే లేదు. ఆప్టిమస్ బృందం భూమి మీదికి దిగేసరికే దాదాపు సగం సినిమా అయిపోతుంది. దిగాక ఒక్కొక్కరూ వరసగా పేరు, ఉద్యోగం చెప్పుకుంటారు. ఆ తర్వాత వాళ్ళకు మిగిలిన పని పేలుళ్ళ మధ్య దొర్లడం.

కథానాయిక మికేలా సంగతి ఇంకో తార్కాణం. కథ ప్రకారం ఆ అమ్మాయికి బండ్ల మర్మం తెలుసు. తండ్రి కార్ల దొంగ. ఆ ఇంట్లో నేర్చుకున్న విద్య. రోడ్డు మధ్యలో ఆగిన కారు బానెట్ ఎత్తి, లోపల ఏముందో ఇంజిన్ భాగాల పేర్లతో సహా చెబుతుంది. పాత్రను నిలబెట్టగల సన్నివేశం. కెమెరా మాత్రం ఇంజిన్ వంక చూడదు, ఆమె నడుము వంక చూస్తుంది. 2009 రెండో భాగంలో అన్నదమ్ములైన రెండు రోబోలను నల్లజాతివారిని ఎగతాళి చేసే పాత మూసలో దించి, వాళ్ళకు చదవడం రాదని జోకు వేశారు. 2014 నాలుగో భాగంలో పదిహేడేళ్ళ అమ్మాయితో తన ప్రేమ చట్టబద్ధమేనని చూపించడానికి ఒక యువకుడు జేబులో చట్టం అచ్చేసిన కార్డు పెట్టుకు తిరుగుతాడు. ఆ సినిమాకు పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లిదండ్రులు ఏమనుకోవాలి? వీటిలో ఏ ఒక్కటీ లారీ ముక్కుతో, పెదాలతో, మంటల బొమ్మలతో సంబంధం ఉన్నది కాదు. రోబోలన్నీ అచ్చం 1984 రూపాల్లోనే ఉండి ఈ సన్నివేశాలన్నీ అలాగే ఉంటే అభిమానులు సంతృప్తిపడేవారా? వాళ్ళ కొలబద్ద ప్రకారం పడాలి మరి.

కార్టూన్‌లో నిలిచిన మంచి ఏదో ఇప్పుడు చెప్పవచ్చు. హాస్‌బ్రో మార్వెల్ కామిక్స్ దగ్గరికి వెళ్ళి, ఈ బొమ్మలకు పేర్లూ కథలూ కావాలంది. ఆప్టిమస్ ప్రైమ్ అన్న పేరు అక్కడి డెన్నీ ఓనీల్ పెట్టాడు. మిగతా పాత్రల్లో చాలావాటికి పేర్లు పెట్టి, గుణగణాలు రాసింది బాబ్ బుడియాన్‌స్కీ అనే ఎడిటర్. గడువు కొద్ది రోజులే. మెగాట్రాన్ అన్న పేరు మరీ భయపెట్టేలా ఉందని కంపెనీ సంకోచిస్తే, విలన్ భయపెట్టకపోతే ఇంకెందుకని ఆయన నిలబడ్డాడు. ఆయన రాతల సారం బొమ్మ పెట్టె వెనక కార్డుగా అచ్చయింది. బలం, తెలివి, వేగం, ధైర్యం ఇలా ఎనిమిది గుణాలకు మార్కులు. వాటి మీద ఎర్రటి గజిబిజి గీతలు. పెట్టెలో వచ్చే ఎర్ర ప్లాస్టిక్ పట్టీని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తేనే ఆ లెక్క బయటపడేది. పక్కనే నాలుగు వాక్యాల్లో ఆ రోబో స్వభావం: ఒకడికి అధికార దాహం, ఒకడికి పిరికితనం, ఒకడికి నోటి దురద. బొమ్మ అమ్మడానికే రాశాడు. అయినా అవతల చదివేది ఒక పిల్లవాడని మరిచిపోకుండా రాశాడు.

పీటర్ కలెన్ చేసిందీ అదే. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన ఆయన అన్న ఒక సలహా ఇచ్చాడట: వీరుడంటే అరిచేవాడు కాదు, మెత్తగా ఉండగలిగినంత బలం ఉన్నవాడని. ఆప్టిమస్ గొంతులోని ఆ నిదానం అక్కణ్ణుంచి వచ్చిందని కలెన్ చెప్పుకున్నారు. ప్రకటన కోసం కూలికి చేసిన పనిలో ఇద్దరు మనుషులు పెట్టిన శ్రద్ధ అది. పిల్లలు దాచుకున్నది ఆ శ్రద్ధనే. బే కలెన్ గొంతును తెచ్చుకున్నాడు, ఆ శ్రద్ధను తెచ్చుకోలేదు. అసలు అభియోగపత్రంలో రాయాల్సిన వాక్యం ఇది.

ఇక్కడ అవతలి పక్షం నుంచి ఒక గొంతు లేస్తుంది: బొమ్మల సినిమాకు ఇంత విచారణా, బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళి చూసి రావచ్చు కదా అని. ఇది కూడా అదే తప్పుకు ఇంకో మొహం. ఒకరు బొమ్మను దేవుణ్ణి చేస్తారు, ఇంకొకరు చెత్తను చేస్తారు. ఇద్దరూ కలిసి సినిమాను జవాబుదారీ నుంచి తప్పిస్తారు. పెట్టె వెనక నాలుగు వాక్యాల్లో బుడియాన్‌స్కీ ఒక మనసును నిలబెట్టగలిగితే, సుమారు 15 కోట్ల డాలర్ల ఖర్చుతో, రెండు గంటల పైచిలుకు నిడివితో నిలబెట్టలేకపోవడానికి బొమ్మను సాకుగా చూపడం చెల్లదు. 2023లో గ్రెటా గెర్విగ్ మాటెల్ బొమ్మ మీదే ‘బార్బీ’ తీసింది. ఆ సినిమాతో ఏకీభవించకపోవచ్చు, కానీ ఆలోచన లేదని ఎవరూ అనలేరు.

తప్పుడు కేసు వల్ల లాభపడేది ఎవరో కూడా చూడాలి. 2003లో తకారా మాస్టర్‌పీస్ పేరుతో ఖరీదైన వరస మొదలుపెట్టింది. మొదటి బొమ్మ ఆప్టిమస్సే. కార్టూన్‌లో ఉన్నట్టే, చదును మొహం లారీతో. పిల్లల కోసం కాదు, ఒకప్పటి పిల్లల కోసం. ఆ తర్వాత పాత బొమ్మల పునర్విడుదలలు, పాత పెట్టెల నకళ్ళు. సినిమా రూపాల బొమ్మలు ఒక అరలో, ‘అసలు సిసలు’ రూపాల బొమ్మలు పక్క అరలో. సినిమా నచ్చినవాడు ఇది కొంటాడు, సినిమా మీద మండిపడ్డవాడు అది కొంటాడు. గల్లాపెట్టె ఒక్కటే. 2007 సినిమా ప్రపంచవ్యాప్తంగా 70 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. దాని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో హాస్‌బ్రో పెద్ద బ్రయన్ గోల్డ్‌నర్ కూడా ఉన్నాడు. నా బాల్యం పవిత్రం అన్న కోపం ఆ కంపెనీని ఇబ్బంది పెట్టదు. ఆ కోపానికి ధర కట్టి, పెట్టెలో పెట్టి అమ్ముతుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాడికి చెట్టును పూజించేవాడే మంచి గిరాకీ.

ఈ గొడవ రేపు మన గుమ్మంలోకీ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ మనకు తెలియకపోయినా హీ-మాన్ తెలుసు; దూరదర్శన్‌లో కత్తెత్తి శక్తిని పిలిచే అతన్ని చూసి ఇంట్లో చీపురు పుల్లలు విరిచిన పిల్లలు ఇక్కడా ఉన్నారు. అతన్ని మళ్ళీ నటులతో తెర మీదికి తెచ్చే పని ‘బంబుల్‌బీ’ తీసిన ట్రావిస్ నైట్ చేతికే వెళ్ళింది. కత్తి రంగు మారిందనీ, అతని పులి చారలు మారాయనీ, మా ఆదివారాలు పాడయ్యాయనీ మనవాళ్ళు కూడా అంటారు. అలా అనే ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ సినిమా ఒక పాత్రకైనా మనసు ఇచ్చిందా? చచ్చినవాడి కోసం ఒక నిమిషం ఆగిందా? ఆడపిల్లను మనిషిగా చూసిందా? దీనితో తొలి పరిచయం చేసుకుంటున్న ఏడేళ్ళ పిల్లవాడికి ఇంటికి తీసుకెళ్ళడానికి బొమ్మ కాక మరేమైనా ఇచ్చిందా? వీటికి జవాబు లేని సినిమాను, కత్తి రంగు సరిగ్గా ఉన్నా సరే, నిలదీయాలి. జవాబు ఉన్న సినిమాను, పులికి చారలే లేకపోయినా, మెచ్చుకోవాలి.